ల్యుకీమియా వంశపారంపర్యమా? ఒక ప్రశ్న చరిత్ర

ఒక ఇంటిలో ఒకే వ్యాధి ఇద్దరికి కనిపించినచో "అది వారి రక్తములోనే ఉన్నది" అనుట మనలో పరిపాటి. మన వాడుకలో రక్తమనగా వంశమనియే అర్థము. రక్తసంబంధము, రక్తము పంచుకొని పుట్టినవారు అను మాటలు ఇట్లే వచ్చినవి. అందుచేత రక్తమునకు వచ్చు క్యాన్సరు వ్యాధి యగు ల్యుకీమియా ఒక బిడ్డకు వచ్చినదని తెలిసిన నాడు, తల్లిదండ్రుల మనస్సులో మెదలు మొదటి ప్రశ్నలలో ఒకటి ఇది: "ఇది మా వైపునుండి వచ్చినదా, వారి వైపునుండి వచ్చినదా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక తల్లి మనశ్శాంతి, ఆ బిడ్డ తోబుట్టువుల పెండ్లి సంబంధములు, కొన్ని సమయములలో ఆ బిడ్డ ప్రాణము సైతము దీని సమాధానముపై ఆధారపడి యుండును. ల్యుకీమియాను వైద్యులు మొదట గుర్తించిన 1845 నుండి, కేవలము ల్యుకీమియా ప్రమాదమునే వంశములో మోసుకొని వచ్చు జన్యువు ఒకటి నిస్సందేహముగా పట్టుబడిన 1999 వరకు 150 సంవత్సరములకు పైగా గడచినవి. ఈ కాలములో శాస్త్రజ్ఞులు నేర్చుకొన్న ముఖ్య పాఠమొకటి కలదు. కుటుంబములో కనిపించునది, పుట్టుకతో వచ్చునది, వంశమునుండి వచ్చునది అను మూడును ఒకటి కావు. ఈ మూడింటిని విడదీసి చూచుట ఎట్లు సాధ్యమైనదో తెలిసికొందము.

తెల్లని రక్తము

1845వ సంవత్సరములో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లినులో రుడాల్ఫ్ విర్కో అను ఇద్దరు వైద్యులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండగనే, ఒకే విధమైన రోగమును వర్ణించిరి. మరణించిన రోగుల ప్లీహము విపరీతముగా పెరిగి యుండెను. రక్తములో తెల్లకణములు లెక్కకు మించి యుండెను. బెన్నెట్ దీనిని రక్తములో చీము పుట్టుటగా భావించెను. విర్కో మాత్రము చీమునకు కారణమగు పుండు ఎచ్చటను కానరానందున, ఇది తెల్లకణములకే సంబంధించిన వేరు వ్యాధియని తలచి, 1847లో దీనికి గ్రీకు భాషనుండి "తెల్లని రక్తము" అను అర్థము వచ్చునట్లు ల్యుకీమియా అని పేరు పెట్టెను.

1868లో ఎర్నెస్ట్ న్యూమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రక్తకణములు ఎముకల మూలుగలో పుట్టునని కనుగొనెను. ల్యుకీమియాకు మూలస్థానము మూలుగయే యని ఆయన కొద్దికాలములోనే చెప్పెను. మూలుగలోని ఒక కణము అదుపు తప్పి, ఎదగవలసిన రీతిగా ఎదుగక, తన వంటి కణములనే అసంఖ్యాకముగా పుట్టించును. చివరకు మంచి కణములకు చోటు లేకుండ పోవును. రక్తహీనత, రక్తస్రావము, జ్వరములు దీని ఫలితములే.

అయితే ఈ వ్యాధి వంశమున వచ్చునా అను ప్రశ్నకు ఆనాడు సమాధానము చెప్పగలవారు లేరు. అందుకొక విషాదకరమైన కారణమున్నది. తీవ్రమైన ల్యుకీమియా వచ్చిన పిల్లలు కొద్ది వారములలో, లేక కొద్ది నెలలలో మరణించుచుండిరి. పెరిగి పెద్దవారై సంతానమును కన్నవారు లేనపుడు, ఆ సంతానమునకు వ్యాధి వచ్చునా రాదా యని చూచుట యెట్లు?

ఈ పరిస్థితిలో మొదటి మార్పు రావడములో మన తెలుగువాని పాత్ర కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లముపై జరిగిన పరిశోధనకు నాయకత్వము వహించెను. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు ఎమినోప్టెరిన్ అను పదార్థము ఆయన బృందమునుండి వచ్చినదే. దానిని బోస్టను నగరములోని సిడ్నీ ఫార్బర్ 1947 చివరలో ల్యుకీమియా పిల్లలకు వాడి చూచి, 1948లో ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినది. అది తాత్కాలికమే. కాని ఎన్నడును తగ్గదనుకొన్న వ్యాధి తగ్గవచ్చునని లోకమునకు తెలిసినది. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించెను. నేడు మంచి వైద్యసౌకర్యములున్నచోట పిల్లలలో ఎక్కువగా కనిపించు లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాకు చికిత్స పొందినవారిలో నూటికి 90 మంది వరకు బ్రదుకుచున్నారు. వారు పెద్దవారై వివాహములు చేసికొనుచున్నారు. కనుక వంశము మాట అడుగవలసిన అవసరము పూర్వముకంటె నేడు హెచ్చినది.

ఎలుకలు నేర్పిన జాగ్రత్త

మనుష్యులలో సమాధానము దొరకనందున శాస్త్రజ్ఞులు ఎలుకలను ఆశ్రయించిరి. 1930 దశకములో జేకబ్ ఫర్త్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఎలుకలను తరతరములుగా తోబుట్టువులతోనే జతకూర్చి, ఏకే అను జాతిని పెంచెను. ఈ జాతిలో అధిక సంఖ్యాకములైన ఎలుకలకు ల్యుకీమియా వచ్చుచుండెను. తల్లికి వచ్చినది పిల్లకు, పిల్లకు వచ్చినది దాని పిల్లకు. ఇంతకంటె స్పష్టమైన వంశపారంపర్యము ఏముండునని అందరును తలచిరి.

1951లో న్యూయార్కు నగరములోని లుడ్విక్ గ్రాస్ ఈ నమ్మకమును కదలించెను. ఆయన ఏకే ఎలుకల కణజాలమును నూరి, కణములేవియు దాటలేని సన్నని వడపోత గుండా పోనిచ్చి, ఆ ద్రవమును ల్యుకీమియా అరుదుగా వచ్చు మరియొక జాతికి చెందిన అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు సూదిమందుగా ఇచ్చెను. ఆ పిల్లలు పెరిగి ల్యుకీమియా పాలైనవి. వడపోతను దాటిపోయినది ఒక వైరసు! జన్యువులే కారణమని అనుకొన్నచోట వైరసు బయటపడినది.

కథ అంతటితో ముగియలేదు. ఆ వైరసు తన జన్యుపదార్థమును ఎలుకల క్రోమోజోములలోనే ఇమిడ్చి యుంచినదనియు, అందువలన అది నిజముగనే జన్యువువలె తల్లిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించుచున్నదనియు 1970 దశకములో తేలినది. అనగా మొదట చెప్పినవారి మాటయు, గ్రాస్ మాటయు ఒక విధముగా నిజమే. అయితే ఇది ఎలుకల సంగతి. మనుష్యులలో పిల్లలకు సాధారణముగా వచ్చు ల్యుకీమియా ఇట్టి వైరసు వలన వచ్చునది కాదు. ఈ కథనుండి గ్రహింపవలసిన దేమనగా, ఒక కుటుంబములో ఒక వ్యాధి మరల మరల కనిపించుట ఒక ఆనవాలు మాత్రమే. దాని కారణమును వేరుగా వెదకవలసినదే.

మాతృకలో తప్పు, ప్రతిలో తప్పు

ఇక్కడ కొంచెము ఆగి జన్యువుల సంగతి జ్ఞాపకము చేసికొందము. పూర్వము అచ్చుయంత్రములు లేని కాలములో తాళపత్ర గ్రంథములను లేఖకులు చూచి వ్రాయుచుండిరి. మాతృకలోనే ఒక అక్షరము తప్పుగా ఉన్నచో, దానినుండి పుట్టిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు ఉండును. అట్లుగాక మాతృక సరిగానే యుండి, నడుమ ఒక లేఖకుడు పొరపాటు చేసినచో, ఆ తప్పు అతని ప్రతిలోను, దానిని చూచి వ్రాసిన ప్రతులలోను మాత్రమే కనిపించును.

మన శరీరము సంగతియు ఇట్టిదే. తల్లి అండము, తండ్రి శుక్రకణము కలిసి ఏర్పడిన సంయుక్త బీజము మాతృక. అందులో నున్న జన్యువుల తేడా శరీరములోని ప్రతి కణములోను ఉండును. ఆ మనుష్యుని బీజకణములలోను ఉండును గనుక సంతానమునకు పోవచ్చును. ఇది వంశపారంపర్యము. అట్లుగాక పుట్టిన తరువాత మూలుగలోని ఒక కణము విభజన చెందునపుడు పొరపాటు జరిగినచో, అది ఆ కణమునకు, దాని సంతతికి మాత్రమే పరిమితమగును. ఆ మనుష్యుని పిల్లలకు పోదు. క్యాన్సరునకు మూలము క్రోమోజోములలోని ఇట్టి అవకతవకలే కావచ్చునని థియోడర్ బోవెరి అను జర్మను జీవశాస్త్రజ్ఞుడు 1914లోనే ఊహించెను. కాని చూపుటకు ఆనాడు సాధనములు లేవు. మనుష్యుని క్రోమోజోములు 46 అని సరిగా లెక్కించినదే 1956లో, జో హిన్ ట్జియో, ఆల్బర్ట్ లెవాన్ అనువారు.

నాలుగు సంవత్సరములకే, 1960లో, ఫిలడెల్ఫియా నగరములో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా రోగుల రక్తకణములలో ఒక క్రోమోజోము మామూలుకంటె చిన్నదిగా ఉండుటను గమనించిరి. దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమని పేరు వచ్చినది. 1973లో షికాగోలో జానెట్ రౌలీ దాని రహస్యమును విప్పెను. 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము చివరలు తెగి ఒకదాని ముక్క మరొకదానికి అతుకుకొనినవి. 22వది చిన్నదగుటకు అదియే కారణము.

ఇది మాతృకలోని తప్పా, ప్రతిలోని తప్పా? సమాధానము సమరూప కవలలనుండి వచ్చినది. ఒకే సంయుక్త బీజమునుండి పుట్టిన కవలలలో ఒకరికి ఈ వ్యాధి వచ్చి, రెండవవారు ఆరోగ్యముగా ఉన్న సందర్భములు 1960 దశకములో ప్రకటింపబడినవి. ఫిలడెల్ఫియా క్రోమోజోము రోగియగు కవలలో మాత్రమే ఉన్నది, రెండవవారిలో లేదు. మాతృక ఒకటే అయినను తప్పు ఒకరిలోనే ఉన్నదనగా, అది పుట్టిన తరువాత వచ్చినదే. ఈ రోగులు తమ పిల్లలకు ఆ క్రోమోజోమును ఇచ్చుట లేదు. ల్యుకీమియా జన్యువుల వ్యాధియే. కాని జన్యువుల వ్యాధులన్నియు వంశపారంపర్యములు కావు. ఈ రెండు మాటలకు గల భేదమును విద్యార్థులు తప్పక గుర్తుంచుకొనవలెను.

కవలల చిక్కు

ఇంతలో కవలలే మరియొక చిక్కును తెచ్చిపెట్టిరి. ఒక సంవత్సరమునకు లోపలి వయస్సులో సమరూప కవలలలో ఒకరికి ల్యుకీమియా వచ్చినచో, రెండవ శిశువునకు కూడ దాదాపు తప్పక వచ్చుచుండెను. రెండు మూడు సంవత్సరములు దాటిన పిల్లలలో ఈ అవకాశము నూటికి 10 వరకు తగ్గును. ఇంత గట్టి పోలిక ఉన్నపుడు అది వంశపారంపర్యమే యనుట సహజము. కాని కొందరు వైద్యులకు మరియొక ఊహ తోచినది. సమరూప కవలలు చాల సందర్భములలో తల్లి గర్భములో ఒకే మాయను పంచుకొందురు. ఆ మాయలో ఇద్దరి రక్తనాళములు కలిసి యుండును. ఒక శిశువులో పుట్టిన వ్యాధికణము ఆ దారిని రెండవ శిశువునకు చేరుచున్నదేమో!

1993లో మెల్ గ్రీవ్స్ నాయకత్వమున లండను శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించిరి. శిశువుల ల్యుకీమియాలో 11వ క్రోమోజోముపై నున్న ఎమ్.ఎల్.ఎల్. అను జన్యువు తరచు తెగి వేరొక ముక్కతో అతుకుకొనును. తెగు స్థానము ఒక్కొక్క రోగిలో ఒక్కొక్క చోట ఉండును. చేతితో చింపిన కాగితపు అంచులు ఏ రెండును ఒకటిగా ఉండనట్లే ఇదియు. కాని మూడు జతల కవలలను పరీక్షింపగా, ప్రతి జతలోను ఇద్దరు శిశువులకు ఆ జన్యువు సరిగా ఒకే చోట తెగి యుండెను. వారి మిగిలిన కణములలో అది తెగలేదు. అనగా తల్లిదండ్రులనుండి వచ్చినది కాదు. గర్భములో ఒక శిశువు యొక్క ఒక కణములో జరిగిన ప్రమాదము, మాయ గుండా రెండవ శిశువునకు చేరినది.

1997లో మరియొక సాక్ష్యము దొరకినది. కొన్ని దేశములలో పుట్టిన ప్రతి శిశువు మడమనుండి ఒక బొట్టు రక్తమును కాగితముపై ఆరబెట్టి, వేరే వ్యాధుల పరీక్షకై భద్రపరతురు. తరువాత ల్యుకీమియా వచ్చిన పిల్లల పాత కాగితములను వెదకి తీసి పరీక్షింపగా, వారు పుట్టిననాటి రక్తపు చుక్కలోనే ఆ తెగిన జన్యువు కనిపించినది. బిడ్డ పుట్టకముందే వ్యాధి మొదటి మెట్టు ఎక్కినది. అయినను అది వంశముననుండి వచ్చినది కాదు. పుట్టుకతో వచ్చినదంతయు పెద్దలనుండి వచ్చినదే యను మన పాత లెక్క ఇక్కడ తప్పినది.

ఈ విషయములో నూటికి 10 అను సంఖ్య కూడ ఆలోచింపదగినది. పెద్ద పిల్లలలో జన్యువులన్నియు ఒకటియై, మొదటి ప్రమాదము సైతము పంచుకొన్న కవలలలో కూడ పదింట తొమ్మిదిమంది తప్పించుకొనుచున్నారు. కనుక ఒక్క పొరపాటుతో ల్యుకీమియా రాదు. తరువాత మరికొన్ని జరుగవలెను.

ఇరువదియొకటవ క్రోమోజోము

వంశపారంపర్యము కాని పుట్టుక కారణములలో మరియొకటి డౌన్ లక్షణసముదాయము. ఈ పిల్లలలో ల్యుకీమియా ఎక్కువగా కనిపించుచున్నదని అమెరికా వైద్యులు క్రివిట్, గుడ్ 1957లో ఒక పరిశీలన ప్రకటించిరి. అప్పటికి డౌన్ పరిస్థితికి కారణము తెలియదు. 1959లో పారిసులో జెరోమ్ లెజూన్, ఆయన సహచరులు ఈ పిల్లలలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడున్నదని చూపిరి. ఇది అధిక సందర్భములలో అండము గాని శుక్రకణము గాని తయారగునపుడు జరిగిన పొరపాటు. తల్లిదండ్రుల కణములలో ఆ అదనపు క్రోమోజోము ఉండదు. ఈ పిల్లలలో ల్యుకీమియా ప్రమాదము ఇతరులకంటె 10 నుండి 20 రెట్లు అధికము. అయినను వారిలో నూటికి రెండు మూడు మందికి మించి ఈ వ్యాధి రాదు. రెట్లు ఎన్ని యని వినగానే భయపడక, మొత్తము మీద ఎంతమందికి వచ్చునో కూడ అడుగవలెనని దీనివలన తెలియుచున్నది.

ముగ్గురు సోదరులు

నిజముగా వంశమునుండి వచ్చు ప్రమాదమునకు మొదటి స్పష్టమైన ఉదాహరణములలో ఒకటి 1927 నాటిది. స్విట్జర్లాండు దేశపు శిశువైద్యుడు గిడో ఫాంకోని ఒకే కుటుంబములో ముగ్గురు సోదరులకు తీవ్రమైన రక్తహీనతయు, కొన్ని శారీరక లోపములును ఉండుటను వర్ణించెను. ఫాంకోని రక్తహీనత యని పేరుపొందిన ఈ వ్యాధి గలవారిలో మూలుగ క్రమముగా ఎండిపోవును. మైలాయిడ్ ల్యుకీమియా వచ్చు ప్రమాదము ఇతరులకంటె అనేక వందల రెట్లు అధికమని తరువాత తేలినది. కణములోని డి.ఎన్.ఏ. దెబ్బతిన్నపుడు దానిని బాగుచేయు యంత్రాంగములో లోపమే దీనికి కారణము. బాగుచేయువాడు లేనిచోట పొరపాట్లు పేరుకొనుట వింత కాదు గదా!

ఈ వ్యాధి సాధారణముగా అంతర్గత లక్షణముగా సంక్రమించును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపముగల ప్రతులు కలిసినపుడే వ్యాధి వచ్చును. ఒకే లోపప్రతి ఉన్న తల్లిదండ్రులలో ఈ రక్తహీనత కనిపించదు. అట్టి ఇద్దరికి పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. మన ప్రాంతములలో మేనరికములు, అక్కకూతురిని వివాహమాడుట చిరకాలముగా నున్న ఆచారములు. మేనత్త, మేనమామ పిల్లలు తమ జన్యువులలో సగటున ఎనిమిదింట ఒక వంతును, మేనమామ, మేనకోడలు నాలుగింట ఒక వంతును ఒకే పెద్దలనుండి పొంది యుందురు. కావున అరుదైన లోపప్రతులు రెండు ఒకచోట కలియు అవకాశము ఇట్టి వివాహములలో పెరుగును. ఇది ఫాంకోని వంటి అంతర్గత వ్యాధులకు వర్తించు మాట. సామాన్యముగా వచ్చు ల్యుకీమియాకు మేనరికమే కారణమని చెప్పుట మాత్రము సరికాదు.

ఆరు కుటుంబములు

ఇక 1999 నాటి సంగతికి వత్తము. కొన్ని కుటుంబములలో పెద్దలు, పిల్లలు అనేకులకు చిన్న దెబ్బకే కమిలిపోవుట, ముక్కునుండి రక్తము కారుట, పన్ను తీయించుకొన్నచో రక్తము ఎంతకును ఆగకపోవుట మొదలగు బాధలుండుట వైద్యులకు తెలియును. రక్తము గడ్డకట్టుటకు కావలసిన రక్తఫలకికలు వారిలో తక్కువగా ఉండును, ఉన్నవి సరిగా పనిచేయవు. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో పిల్లలలో సగము మందికి వచ్చుటనుబట్టి ఇది బహిర్గత లక్షణమని స్పష్టము. ఇది అంత పెద్ద వ్యాధి కాదు. అయితే ఈ బాధ ఉన్నవారిలోనే కొందరికి తరువాత మైలాయిడ్ ల్యుకీమియా వచ్చుచుండుట వైద్యులు గమనించిరి. అట్టి కుటుంబమును గూర్చిన వివరమైన పరిశీలన ఒకటి 1985లో ప్రకటింపబడినది. 1996లో ఆ లోపము 21వ క్రోమోజోముపై ఒక భాగములో ఉన్నదని తేలినది. 1999లో ఆరు కుటుంబములను పరీక్షించి, అది రన్‌ఎక్స్‌-1 అను జన్యువని కనుగొనిరి.

ఈ జన్యువు శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. తీవ్ర మైలాయిడ్ ల్యుకీమియా రోగులు కొందరిలో 8వ, 21వ క్రోమోజోములు ముక్కలు మార్చుకొనునని జానెట్ రౌలీ 1973లోనే చూపెను. ఆ తెగిన చోటనుండి జపాను శాస్త్రజ్ఞులు 1991లో వెలికితీసినది ఈ జన్యువునే. మూలుగలో రక్తకణములు పుట్టుటకు, ఎదుగుటకు అవసరమైన ఇతర జన్యువులను నడపుట దీని పని. అనగా ఒకే జన్యువు ఒక రోగిలో పుట్టిన తరువాత తెగి ల్యుకీమియాకు దారితీయుచున్నది. మరియొక కుటుంబములో మాతృకలోనే లోపముతో ఉండి, ల్యుకీమియాకు దారి తెరచి యుంచుచున్నది.

దారి తెరచియుంచుట యనియే చెప్పితిని, ల్యుకీమియాను కలిగించుట యనలేదు. ఈ లోపము ఉన్నవారిలో జీవితకాలమున రక్తసంబంధమైన క్యాన్సరు వచ్చువారు నూటికి సుమారు 40 మంది యని అంచనా. మిగిలినవారికి రాదు. దీనికి కారణమును 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ కంటి క్యాన్సరును పరిశీలించి చెప్పిన సూత్రముతో ఊహింపవచ్చును. క్యాన్సరునకు ఒకటికంటె ఎక్కువ దెబ్బలు కావలెను. వంశలోపముతో పుట్టినవారికి మొదటి దెబ్బ పుట్టుకకు ముందే తగిలి యున్నది. రెండవది తగులునో లేదో జీవితము తేల్చవలెను.

తరువాత ఇట్టి జన్యువులు మరికొన్ని బయటపడినవి. 2004లో సి.ఇ.బి.పి.ఏ., 2011లో గాటా-2, లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాకు సంబంధించి 2013లో పాక్స్‌-5, 2015లో ఇ.టి.వి-6 ఈ పట్టికలో చేరినవి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రక్తవ్యాధుల వర్గీకరణలో వంశమున వచ్చు ప్రమాదముతో కూడిన ల్యుకీమియాలకు ప్రత్యేక స్థానము కల్పించెను.

చిన్న తేడాలు, పెద్ద లెక్కలు

పై జన్యువులు అరుదైనవి. అట్లుగాక కోట్లాదిమందిలో సాధారణముగా ఉండు చిన్న చిన్న తేడాలు కూడ ఏమైన చేయుచున్నవా? 2009లో రెండు బృందములు వేరువేరుగా వేలాదిమంది జన్యుపదార్థమును పోల్చి చూచి, 10వ క్రోమోజోముపై ఏరిడ్-5బి, 7వ క్రోమోజోముపై ఐ.కె.జెడ్.ఎఫ్-1 అను జన్యువులలోని సాధారణ తేడాలు పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా ప్రమాదమును కొంత పెంచుచున్నవని చూపిరి. ఒక్కొక్క తేడా వలన ప్రమాదము సుమారు ఒకటిన్నర రెట్లు, లేక కొంచెము ఎక్కువ.

దీనిని లెక్కవేసి చూతము. ఈ ల్యుకీమియా 15 సంవత్సరముల లోపల సుమారు 2000 మంది పిల్లలలో ఒకరికి వచ్చునని అనుకొందము. అనగా 10,000 మందిలో 5 గురికి. ప్రమాదము 1.6 రెట్లయినచో 10,000 మందిలో 8 మందికి వచ్చును. 9,992 మందికి రాదు. కనుక ఇట్టి తేడా తన బిడ్డలో ఉన్నదని తెలిసికొన్న తల్లికి దానివలన కలుగు మేలేమియు లేదు. శాస్త్రమునకు మాత్రము మేలు కలదు. ఈ జన్యువులు తెల్లకణముల ఎదుగుదలను నడపునవి గనుక, వ్యాధి ఎచ్చట మొదలగునో వెదకుటకు ఇవి దారి చూపును.

మరి అరుదైన గట్టి లోపములతో పుట్టిన పిల్లలు రోగులలో ఎందరు? అమెరికాలో క్యాన్సరు గల 1120 మంది పిల్లలను పరీక్షించి 2015లో ప్రకటించిన పరిశీలనలో, అన్ని క్యాన్సరులను కలిపి నూటికి 8.5 మందిలోను, ల్యుకీమియా పిల్లలలో నూటికి 4.4 మందిలోను అట్టి లోపములు కనిపించినవి. అనగా ల్యుకీమియా పిల్లలు నూరుగురిలో 95 మందికి పైగా అట్టి లోపము కనిపించలేదు. ఆశ్చర్యకరమైన విషయ మేమనగా, లోపములు ఉన్న పిల్లలలో, కుటుంబ చరిత్ర తెలిసినవారిని చూచినపుడు, బంధువులలో క్యాన్సరు ఉన్నవారు సగముకంటె తక్కువ. కుటుంబములో ఎవరికిని లేదు గనుక వంశపారంపర్యము కాదని చెప్పుటయు, ఇద్దరికి ఉన్నది గనుక వంశపారంపర్యమే యని చెప్పుటయు రెండును తొందరపాటే.

తెలిసికొని చేయవలసిన దేమి?

ఈ జ్ఞానము వలన ప్రయోజనము ముఖ్యముగా ఒకచోట ప్రాణప్రదమైనది. కొందరు ల్యుకీమియా రోగులకు మూలుగ మార్పిడి చేయవలసి వచ్చును. కణముల పొందిక కుదిరిన తోబుట్టువు దొరకినచో వైద్యులు సంతోషింతురు. కాని ఆ కుటుంబములో రన్‌ఎక్స్‌-1 వంటి లోపమున్నచో, ఆ తోబుట్టువులో కూడ అది ఉండు అవకాశము సగమునకు సగము. చూచుటకు ఆరోగ్యముగా నున్న తమ్ముని మూలుగను అన్నకు ఇచ్చుట, ఏ లోపమును తొలగింపదలచితిమో దానినే మరల నాటుట కావచ్చును. లోపమును మోయుచున్న బంధువుల మూలుగను ఎక్కించిన సందర్భములు వైద్యపత్రికలలో నమోదైనవి. అందుచేత వంశలోపమున్నట్లు అనుమానమున్నచోట దాతయగు బంధువును ముందుగా పరీక్షించుట నేటి పద్ధతి.

ఈ పరీక్షలో ఒక మెలకువ కలదు. రోగి రక్తములో ఒక జన్యువు చెడియున్నదని తెలిసినంత మాత్రమున అది వంశమునుండి వచ్చినదని చెప్పరాదు. రక్తమే వ్యాధిగ్రస్తము గదా! ఆ తప్పు వ్యాధికణములలో మాత్రమే ఉండవచ్చును. కనుక రోగి చర్మమునుండి చిన్న ముక్కను తీసి, దాని కణములను పెంచి పరీక్షింతురు. చర్మములోను అదే తప్పు కనిపించినచో అది మాతృకలోనిదని అర్థము. కనిపించనిచో అది మూలుగలోని ఒక ప్రతిలో నడుమ వచ్చినది. తాళపత్ర ప్రతులను సరిచూచు పండితులు వేరొక ఊరినుండి మరియొక ప్రతిని తెప్పించి పోల్చినట్లే ఇదియు.

లోపమున్నదని తేలిన కుటుంబములవారు నిరాశ చెందవలసిన పని లేదు. వారు క్రమముగా రక్తపరీక్షలు చేయించుకొనుచు, మార్పు కనిపించినపుడు త్వరగా వైద్యునివద్దకు పోగలరు. వారి కుటుంబములో ఎవరికి లోపమున్నదో, ఎవరికి లేదో తెలియును గనుక, లేనివారు అనవసరమైన భయమునుండి విముక్తులగుదురు. వంశమంతటికి ఒకే ముద్ర వేయుటకంటె ఇది ఎంత మేలు!

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. "ఇది మా వైపునుండి వచ్చినదా, వారి వైపునుండి వచ్చినదా?" అని అడుగు తల్లిదండ్రులకు నేడు చెప్పదగిన సమాధానము ఇది: ల్యుకీమియా వచ్చిన పిల్లలలో అత్యధికుల విషయములో, ఎవరి వైపునుండియు కాదు. మూలుగలోని ఒక కణము తన ప్రతిని వ్రాసికొనునపుడు చేసిన పొరపాటు అది. కొద్దిమంది విషయములో అది వంశమునుండి వచ్చిన ప్రమాదమే. అట్టిచోట కూడ తల్లి గాని తండ్రి గాని ఏరి కోరి ఇచ్చినది కాదు. తమకు తెలియకుండ తమ పెద్దలనుండి తాము పొందిన దానినే బిడ్డకు అందించిరి. మన తరగతులలో వంశపారంపర్యమును గూర్చి పాఠము చెప్పునపుడు బఠాణీ మొక్కలతో పాటు ఈ భేదమును కూడ చెప్పుట మంచిది. ఆ పాఠము విన్న విద్యార్థి రేపు తన ఊరిలో ఒక బిడ్డకు ఈ వ్యాధి వచ్చినపుడు, ఆ యింటి పిల్లకు సంబంధము తప్పించు మాట అనకుండ ఉండగలడు.